మఖ్దూం మొహియుద్దీన్: కార్మిక సంఘ నిర్మాత, యుద్ధ వ్యతిరేకి

మఖ్దూం మొహియుద్దీన్ (4 ఫిబ్రవరి 1908 – 25 ఆగస్టు 1969) హైదరాబాద్ సంస్థానంలో కార్మిక సంఘాలకు పునాదులు వేసిన తొలి తరం నాయకుల్లో ముఖ్యులు. ఉర్దూ కవి, కమ్యూనిస్టు, చట్టసభల సభ్యులు. పుట్టింది ఉమ్మడి మెదక్ జిల్లాలోని ఆందోల్. ఆయన గజళ్లు 'గమన్', 'బాజార్' లాంటి హిందీ సినిమాల ద్వారా దేశమంతటికీ చేరాయి. ఆ పాటలు విని మైమరచినవాళ్లలో చాలామందికి వాటిని రాసిన మనిషి జీవితంలో ఎక్కువ భాగం మిల్లు కార్మికుల మధ్య గడిపాడని, యుద్ధాల మీద, హత్యా రాజకీయాల మీద చివరిదాకా గొంతెత్తాడని తెలియదు. కవిగా వచ్చిన కీర్తి ఆయన చేసిన ఈ పనిని కమ్మేసింది. మఖ్దూంను అర్థం చేసుకోవాలంటే ముందు చూడాల్సింది ఈ పనినే. కవిత్వం చాలావరకు అందులోంచే పుట్టింది.

ఆ పని మూలాలు మెదక్ పల్లెల్లో ఉన్నాయి. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో మండల కేంద్రమైన చిన్నకోడూరు, సంగారెడ్డి జిల్లాలోకి వెళ్లిన ఆందోల్ 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయేదాకా ఒకే మెదక్ జిల్లాలో ఉండేవి. చిన్నకోడూరు ఆ జిల్లాకు తూర్పు కొసన, ఆందోల్ పడమటి వైపున. మధ్య దూరం ఎక్కువే అయినా నిజాం కాలంలో రెండు చోట్లా బతుకు ఒకే తీరుగా ఉండేది. చెరువు కింద కాస్త వరి, మెట్టన జొన్న, ఊరి మీద దొర పెత్తనం, కులవృత్తుల వాళ్ల మీద వెట్టి. చిన్నకోడూరు మండలం చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్ జలాశయంలోకి గోదావరి నీళ్లు వచ్చింది 2020లో. అంతకు ముందు తరాలకు వానే దిక్కు. వాన మొహం చాటేసిన ఏడు మనుషులు పట్నం బాట పట్టేవాళ్లు. బట్టల మిల్లు, సిగరెట్ కార్ఖానా, రైల్వే వర్క్‌షాపు, కట్టుబడి పని, ఏది దొరికితే అది. మఖ్దూం, ఆయన సహచరులు సంఘాల్లోకి కూడగట్టింది ఇలా పల్లె వదిలి వచ్చినవాళ్లనే. అందుకే ఆయన కథ హైదరాబాద్ నగర చరిత్రకు ఎంత చెందుతుందో మెదక్ పల్లెలకూ అంతే చెందుతుంది.

ఆందోల్ నుంచి ఉస్మానియాకు

తండ్రి గౌస్ మొహియుద్దీన్ నిజాం సర్కారు కొలువులో ఉండేవారు. మఖ్దూం పసితనంలోనే ఆయన చనిపోయారు. పెంపకం తండ్రి సోదరుడు బషీరుద్దీన్ చేతుల్లోకి వెళ్లింది. ఇంట్లో మతనిష్ఠ గట్టిది. మసీదు ఊడవడం, వజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) కోసం నీళ్లు నింపడం ఆ పిల్లవాడి రోజువారీ పనుల్లో భాగం. బషీరుద్దీన్ లోకం పోకడలు పట్టించుకునే మనిషి. రష్యాలో రాజును దించేశారని, అక్కడ ఇక అందరూ ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని తింటారని ఆయన ఓసారి ఇంట్లో చెప్పారు. దస్తర్‌ఖాన్ అంటే భోజనానికి నేల మీద పరిచే గుడ్డ. ఎవరు ఎవరి పక్కన కూర్చుని తినొచ్చో పుట్టుకే తేల్చే సమాజంలో తండ్రి లేని పిల్లవాడి మనసులో ఆ మాట నాటుకుపోయింది. సమానత్వం గురించి ఆయన విన్న మొదటి మాట పుస్తకంలోది కాదు, అన్నం ముందు కూర్చున్నప్పుడు విన్నది. తర్వాతి కాలంలో ఆయన సహచరులు ఈ సంగతిని మళ్లీ మళ్లీ చెప్పుకున్నారు.

ఆందోల్‌ను ఆనుకొనే జోగిపేట ఉంది. 1930 మార్చిలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది అక్కడే. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవాల్సిన 'గస్తీ నిషాన్ 53' రోజులవి. అప్పటికి మఖ్దూం పైచదువుకు హైదరాబాద్ చేరుకున్నారు. తెలంగాణ రాజకీయ మేల్కొలుపు మొదలైన చోటూ, ఆ మేల్కొలుపును కార్ఖానాల్లోకి తీసుకెళ్లిన మనిషి పుట్టిన చోటూ పక్కపక్కనే ఉన్నాయి.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1934లో బి.ఏ., 1936లో ఎం.ఏ. పూర్తి చేశారు. చేతిలో డబ్బు ఆడేది కాదు. చదువు, నాటకం, కవిత్వం మాత్రం జోరుగా సాగాయి. 1933 నాటి 'పీలా దుశాలా' అనే హాస్య కవిత విద్యార్థుల నోళ్లలో నానింది. బెర్నార్డ్ షా 'విడోయర్స్ హౌసెస్' ఆధారంగా వచ్చిన 'హోష్ కే నాఖూన్' నాటకంలో ఆయన పాలు ఉంది. రవీంద్రనాథ్ టాగూర్ ఆ ప్రదర్శన చూసి మెచ్చుకొని శాంతినికేతన్‌కు రమ్మన్నారు. షా నాటకం మురికివాడల అద్దెలతో బతికే పెద్దమనుషుల గురించినది. పాతికేళ్లు నిండిన కుర్రవాడు ప్రేమకథలు కాదని అద్దె ఇళ్ల కథను ఎంచుకోవడంలోనే ఆయన మనసు ఎటు మొగ్గుతోందో కనబడుతుంది. 1935లో టాగూర్ కవిత్వం మీద ఉర్దూలో ఒక పుస్తకం రాశారు.

1939లో సిటీ కాలేజీలో ఉర్దూ అధ్యాపకుడిగా చేరారు. ఆ రోజుల్లోనే రాజ్‌బహదూర్ గౌర్, జవాద్ రజ్వీ, ఆలం ఖుంద్‌మీరీ లాంటి యువకులతో కలిసి కామ్రేడ్స్ అసోసియేషన్‌లో పని చేశారు. సంస్థానంలో కమ్యూనిస్టు పార్టీ ఏర్పడటానికి దారి వేసిన బృందాల్లో అది ఒకటి. 1941లో కాలేజీ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి పూర్తికాలం కార్యకర్త అయ్యారు. జీతం వచ్చే కొలువు ఆనాడు ఎంత అరుదో ఆలోచిస్తే ఆ రాజీనామా విలువ తెలుస్తుంది.

సంఘాలు కట్టిన కాలం

బ్రిటిష్ ఇండియాలో 1926 నాటికే ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. అప్పట్లో ఏడుగురు కార్మికులు కలిస్తే సంఘాన్ని రిజిస్టరు చేసుకోగలిగేవారు. ఆ చట్టం సంస్థానాలకు వర్తించేది కాదు. అంటే మద్రాసులోనో బెజవాడలోనో చట్టం నీడన జరిగే పని, హైదరాబాద్‌లో సర్కారు కంట్లో పడకుండా జరగాల్సి వచ్చేది. అయితే సంస్థానంలో పరిశ్రమ తక్కువేమీ కాదు. హైదరాబాద్‌లో దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు, చార్మినార్ సిగరెట్లు చేసే వజీర్ సుల్తాన్ కంపెనీ, లాలాగూడ రైల్వే వర్క్‌షాపు, వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ, సిర్పూర్‌లో కాగితం మిల్లు, సింగరేణిలో బొగ్గు గనులు, షాబాద్‌లో సిమెంటు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఉత్పత్తి పెరిగింది, 1942లో ఆల్విన్ లాంటి కొత్త కార్ఖానాలు వెలిశాయి. ధరలు కూలి కన్నా వేగంగా పెరిగాయి. పల్లెల్లో లెవీ పేరుతో సర్కారు ధాన్యం గుంజుకుపోతుంటే పట్నంలో రేషన్ గింజల కోసం జనం బారులు తీరారు. దేశమంతటా కార్మికుల నోట 'కరువు భత్యం' అనే మాట నిలిచిపోయింది ఆ యుద్ధకాలంలోనే.

ఇలాంటి చోట సంఘం కట్టడానికి పెద్ద అడ్డంకి భాష. ఒకే షెడ్డులో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం మాట్లాడే మనుషులు ఉండేవారు. కులాలు వేరు, మతాలు వేరు. పైగా 1940 నాటికి మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ఒక వైపు, ఆర్యసమాజ్ మరో వైపు జనాన్ని మతం గీతల మీద నిలబెడుతున్నాయి. ముస్లిం కార్మికుడికి 'పాలించేది మనవాళ్లే' అన్న మాట వినసొంపుగా ఉండేది. ఆ మాట పట్టుకుంటే కూలి పెరగదని చెప్పడానికి నిష్ఠగల ముస్లిం ఇంట్లో పుట్టి, మంచి ఉర్దూ మాట్లాడే మఖ్దూం కన్నా తగినవాడు దొరకడు. సంస్థానంలో ప్రతిష్ఠ గల భాష ఉర్దూ. దర్బారు భాష, కచేరీ భాష, కవిత్వ భాష కూడా అదే. ఆ భాషలో దొరతనాన్ని నిలదీసే మనిషి గేటు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన సంఘ నాయకత్వానికి వచ్చిన బలంలో పెద్ద వాటా దీనిదేనని నా నమ్మకం. పాత జాగీర్దారీ లోకం కుళ్లిపోతున్న తీరు మీద ఆయన రాసిన 'హవేలీ' కవిత ఈ కాలపుదే.

వైద్యుడైన రాజ్‌బహదూర్ గౌర్ (1918–2011) ఆయనకు కుడిభుజంలా నిలిచారు. రైల్వేలో, బట్టల మిల్లుల్లో, సిగరెట్ కార్ఖానాల్లో ఒక్కొక్కటిగా సంఘాలు లేచాయి. 1946లో వాటిని కలిపి అఖిల హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడింది. అధ్యక్షుడు మఖ్దూం. నిజాం రాజ్యంలో వేర్వేరు మతాల, భాషల కూలీలు ఒకే జెండా కింద, ఒకే సభ్యత్వంతో నిలబడిన పెద్ద సంస్థ అది. భూమి మీద పోరాడిన ఆంధ్ర మహాసభకు తెలుగు చరిత్ర పుస్తకాల్లో వచ్చిన పేజీలతో పోలిస్తే దీనికి వచ్చినవి చాలా తక్కువ.

పల్లె నుంచి పారిపోయి వచ్చినవాడు పట్నంలో సంఘాన్ని కలుసుకునే ఘట్టం తెలుగువాళ్లకు ఒక సినిమాలో కళ్లకు కట్టింది. కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి'లో రామయ్య దొర నుంచి తప్పించుకొని హైదరాబాద్ చేరతాడు, అక్కడ మక్బూల్ అనే కార్మిక నాయకుడు అతనికి దారి చూపుతాడు. మక్బూల్‌లో మఖ్దూం పోలికలు చాలామందికి కనబడ్డాయి. ఆ సినిమా చిత్రీకరణ జరిగింది కూడా మెదక్ జిల్లా మంగళపర్తిలోనే.

యుద్ధం గురించి ఆయన మాట

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే నిజాం బ్రిటిష్ పక్షాన ఉదారంగా విరాళాలు ఇచ్చారు. రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో 152వ స్క్వాడ్రన్‌కు 'హైదరాబాద్' అని పేరు పెట్టుకున్నారు. పాలకుల యుద్ధాన్ని మఖ్దూం మరో వైపు నుంచి చూశారు. 'సిపాహీ' కవితలో ఆయన రణరంగాన్ని వర్ణించలేదు. యుద్ధానికి వెళ్తున్న సిపాయిని ఆపి ఎక్కడికి పోతున్నావని అడిగారు. వెనక ఇంట్లో ఉన్నవాళ్ల దుఃఖాన్ని, ఆకలిగొన్న పిల్లల్ని అతని ముందు పెట్టారు. రెండు దశాబ్దాల తర్వాత 1960లో 'ఉస్నే కహా థా' సినిమాలో అది పాటై ఊరూరా వినిపించింది. 'అంధేరా' మరింత భయంకరమైనది. ముళ్లకంచెలు, కందకాలు, వాటిలో చిక్కిన మనుషుల శరీరాలు, చీకటి రాత్రి. తెలుగులో ఆ కాలపు యుద్ధ కవిత్వం చదివినవాళ్లకు 'అంధేరా'లోని నిశ్శబ్దం కొత్తగా తోస్తుంది. నినాదం లేదు, శత్రువు పేరు లేదు.

1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడ్డాక భారత కమ్యూనిస్టు పార్టీ యుద్ధాన్ని 'ప్రజాయుద్ధం' అంది. మఖ్దూం కూడా ఆ మలుపు తీసుకున్నారు. యుద్ధాన్ని స్వేచ్ఛ కోసం జరిగే పోరుగా చెప్పే ఆయన పాట అప్పటిదే. కార్మిక సభల్లో ఎక్కువగా పాడిన పాట కూడా అదే. 1944లో అచ్చైన మొదటి సంపుటి 'సుర్ఖ్ సవేరా'లో ఈ రెండు తరహాల కవితలూ ఉన్నాయి. అవి ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయని కొందరు విమర్శకులు అంటారు. నిజమే, ఆ మలుపు పార్టీ విధానం తెచ్చినది. ఫాసిజం ముందు చేతులు కట్టుకు కూర్చోవడం శాంతి కాదన్న వాదనా తేలిగ్గా తోసిపుచ్చదగినది కాదు. కానీ ఇన్నేళ్ల తర్వాత చదివితే నిలబడే కవితలు 'సిపాహీ', 'అంధేరా'.

తుపాకీ పట్టమన్న శాంతివాది

మఖ్దూంను శాంతివాది అనగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. 1947 సెప్టెంబరు 11న నిజాంకు వ్యతిరేకంగా సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో ఆయన ఒకరు. మిగతా ఇద్దరు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి. 1946 చివర్లో నిర్బంధం మొదలైనప్పటి నుంచే ఆయన అజ్ఞాతంలో ఉన్నారు. కాబట్టి ఆయన గాంధేయ అర్థంలో అహింసావాది కాదు, తానెప్పుడూ అలా చెప్పుకోలేదు.

ఆ నిర్ణయం వెనక ఉన్న పరిస్థితిని సిద్దిపేట జిల్లా పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. 1948 ఆగస్టు 27న రజాకార్లు (మజ్లిస్ సాయుధ దళం), నిజాం సేనలు కలిసి ఊరి మగవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చిన బైరాన్‌పల్లి ఈనాడు ఈ జిల్లాలోనే ఉంది. ఊరిని కాపాడుకోవడానికి జనం ఎక్కిన బురుజు ఇప్పటికీ నిలిచే ఉంది. దానికి అయిదారు రోజుల ముందే హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు నరికి చంపారు. సంస్థానం భారత్‌లో కలవాలని రాసిన ముస్లిం పత్రికా రచయిత ఆయన. మఖ్దూం నిలబడ్డది ఆ వైపే.

సెప్టెంబరు 17న సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయాక అసలు పరీక్ష మొదలైంది. రజాకార్లు చేసిన దారుణాలకు ఏ పాపం ఎరగని ముస్లిం కుటుంబాలు చాలా జిల్లాల్లో మూల్యం చెల్లించాయి. ఆ హింసను విచారించడానికి కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందం నివేదికలో ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ ఎక్కువ దెబ్బతిన్న జిల్లాలు. మెదక్ పేరూ అందులో ఉంది. నిజాంను ఎదిరించిన ఉద్యమానికి ముందు వరసలో ముస్లింలు కూడా ఉన్నారన్న నిజం ఆ రోజుల్లో ఎన్ని ఊళ్లలో ప్రాణాలు నిలిపిందో లెక్క తేల్చలేం. కానీ అలాంటి నాయకులు లేకపోయి ఉంటే నష్టం ఇంకా పెద్దది అయ్యేది. 'శాంతి' అనే మాటకు తెలంగాణలో మొదటి అర్థం ఇదే: పక్కింటివాడి ప్రాణం. మఖ్దూం శాంతి కృషిలో నేను అన్నిటికన్నా పైన పెట్టేది కూడా ఇదే.

పోరాటం 1951 అక్టోబరులో ఆగింది. ఆ ఏడాది అరెస్టై హైదరాబాద్ జైల్లో ఉన్న మఖ్దూం అక్కడ 'ఖైద్' అనే కవిత రాశారు. తొలి సాధారణ ఎన్నికల్లో నిషేధం కారణంగా కమ్యూనిస్టులు ప్రజాస్వామిక ఫ్రంటు (పీడీఎఫ్) పేరుతో నిలబడ్డారు. చిన్నకోడూరు ప్రాంతం ఉన్న సిద్దిపేటలో పీడీఎఫ్ అభ్యర్థి ఎడ్ల గురువారెడ్డి గెలిచారు. మఖ్దూం హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి హైదరాబాద్ శాసనసభలో అడుగుపెట్టారు.

వియన్నా

1950 మార్చిలో స్టాక్‌హోం నుంచి వెలువడిన విజ్ఞప్తి అణ్వాయుధాలను నిషేధించమని కోరింది. ప్రపంచ శాంతి మండలి అధ్యక్షుడు, శాస్త్రవేత్త ఫ్రెడరిక్ జోలియో క్యూరీ దాని వెనక ఉన్నారు. భారతదేశంలో సైఫుద్దీన్ కిచ్లూ ఆ ఉద్యమానికి పెద్ద దిక్కు. తెలుగు కవుల్లో శ్రీశ్రీ 1954లో స్టాక్‌హోం శాంతి సభకు వెళ్లొచ్చారు. మఖ్దూం ఈ ఉద్యమాన్ని కార్మికుల వైపు నుంచి చేరుకున్నారు. శాసనసభ్యుడైన తర్వాత ఆయన కొంతకాలం వియన్నాలో ఉండి ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య కార్యాలయంలో పని చేశారు. 1945లో పారిస్‌లో పుట్టిన ఆ సమాఖ్య 1951లో వియన్నాకు మారింది. 1955 దాకా వియన్నా నాలుగు దేశాల సైన్యాల ఆక్రమణలో, వాటాలుగా చీలి ఉంది. యుద్ధం ఒక నగరాన్ని ఏం చేస్తుందో అక్కడ ప్రతి వీధీ చెబుతుంది. ఆ ఉద్యోగం మీద ఆయన సోవియట్ యూనియన్, చైనా, తూర్పు యూరప్, ఆఫ్రికా దేశాలు తిరిగారు.

ఈ అంతర్జాతీయ శాంతి ఉద్యమానికి పరిమితి ఉంది. అమెరికా బాంబును ఖండించినంత గట్టిగా అది సోవియట్ బాంబును ఖండించలేదు. 1956లో హంగరీలోకి ట్యాంకులు వెళ్లినప్పుడు దాని గొంతు పెగల్లేదు. మఖ్దూం ఆ శిబిరం మనిషే. అయితే 1950ల చివరి నుంచి ఆయన కవిత్వంలో స్వరం మారింది. నినాదం తగ్గి, ఒంటరితనం, ఎదురుచూపు, వెనక్కి తిరిగి చూసుకోవడం ఎక్కువయ్యాయి. 'చాంద్ తారోఁ కా బన్'లో స్వాతంత్ర్యం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల రాత్రి గురించి చెప్పి, తెల్లవారాక దక్కింది ఇదేనా అని అడుగుతారు. 1961లో 'గుల్-ఎ-తర్', 1966లో 'బిసాత్-ఎ-రక్స్' అచ్చయ్యాయి.

లుముంబా, కింగ్

ఆయన శాంతి దృష్టి ఎక్కడ నిలబడి ఉందో తెలుసుకోవడానికి రెండు స్మృతి కవితలు చాలు. 1961 జనవరి 17న కాంగో ప్రధాని పాట్రిస్ లుముంబాను కటాంగాలో కాల్చి చంపారు. బెల్జియం కంపెనీల రాగి గనులున్న ప్రాంతం అది. లుముంబా రాజకీయాల్లోకి రాక ముందు తపాలా గుమాస్తా, కాంగో ప్రభుత్వోద్యోగుల సంఘానికి ప్రాంతీయ అధ్యక్షుడు. ఆ హత్య మీద మఖ్దూం 'చుప్ న రహో' రాశారు. మౌనంగా ఉండొద్దని పేరులోనే చెప్పిన కవిత.

1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురయ్యారు. ఆయన ఆ ఊరికి వెళ్లింది సమ్మె చేస్తున్న పారిశుధ్య కార్మికుల కోసం. చెత్త ఎత్తే నల్లజాతి కూలీలు ఫిబ్రవరి నుంచి పని మానేసి, తామూ మనుషులమేనని రాసిన అట్టలు పట్టుకుని వీధుల్లో నడుస్తున్నారు. అంతకు ఏడాది ముందే కింగ్ వియత్నాం యుద్ధాన్ని బహిరంగంగా ఖండించి సొంతవాళ్ల నుంచే తిట్లు తిన్నారు. కింగ్ మీద మఖ్దూం కవిత రాసేనాటికి ఆయనకు అరవై నిండాయి. జీవితంలో ఏడాదిన్నర కూడా మిగిలి లేదు.

ఒకరు సంఘ నాయకుడిగా మొదలై దేశాన్ని విడిపించబోయి చనిపోయారు. మరొకరు యుద్ధాన్ని ఎదిరించి, సమ్మె చేస్తున్నవాళ్ల పక్కన నిలబడి చనిపోయారు. ఆందోల్‌లో పుట్టిన మనిషి ఈ ఇద్దరి కోసమూ విలపించడం కాకతాళీయం అనిపించదు. యుద్ధానికి కావాల్సిన మనిషీ, మిల్లుకు కావాల్సిన మనిషీ ఒకే పేదింటి నుంచి వస్తాడని ఆయన 'సిపాహీ' రాసినప్పుడే గ్రహించారు. కూలి అడగడమూ యుద్ధం వద్దనడమూ ఆయనకు వేరు వేరు పనులుగా ఎన్నడూ తోచలేదు.

చివరి సంవత్సరాలు

ఆంధ్రప్రదేశ్‌లో 1958లో ఏర్పడిన శాసనమండలిలో ఆయన సభ్యులయ్యారు, చనిపోయేదాకా కొనసాగారు. 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఐలోనే ఉండిపోయారు. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. భౌతికకాయాన్ని హైదరాబాద్ తెచ్చి నాంపల్లి దగ్గరి షా ఖామోష్ దర్గా శ్మశానంలో ఖననం చేశారు. 'బిసాత్-ఎ-రక్స్'కు ఆ ఏటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. హిమాయత్‌నగర్‌లోని సీపీఐ రాష్ట్ర కార్యాలయానికి 'మఖ్దూం భవన్' అని పేరు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం ఉంది. రాజ్‌బహదూర్ గౌర్ తన ఇంటికి 'చంబేలీ కా మండ్వా' అని పేరు పెట్టుకున్నారు. మల్లె పందిరి కింద కలుసుకున్న ఇద్దరి గురించి మఖ్దూం రాసిన కవితలోనిది ఆ పేరు. కార్ఖానా గేట్ల దగ్గర, అజ్ఞాతవాసంలో కలిసి తిరిగిన స్నేహితుణ్ని గౌర్ ప్రేమ కవితతో గుర్తుంచుకున్నారు.

బీడీ చుట్టే ఇళ్లు

మఖ్దూం తరం సంఘాన్ని కార్ఖానా గేటు దగ్గర కట్టింది. షిఫ్టు దిగి వచ్చేవాళ్లంతా ఒకేసారి కనబడతారు, ఒకే చోట మాట్లాడొచ్చు, చందా అక్కడే వసూలు చేయొచ్చు. సిద్దిపేట, దుబ్బాక చుట్టుపక్కల పల్లెల్లో తర్వాతి దశాబ్దాల్లో పెరిగిన కార్మికవర్గానికి గేటు లేదు. ఆడవాళ్లు ఇంటి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి బీడీలు చేస్తారు. ఆకు తూకంలో కోత పడినా, చుట్టిన బీడీలను బాగాలేవని తీసేసినా ఒక్కొక్కరూ ఒంటరిగానే వాదించుకోవాలి. కార్మిక సంఘాల ఒత్తిడితో 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చి ఇంటి దగ్గర పని చేసేవాళ్లనూ కార్మికులుగా గుర్తించింది. 1976లో సంక్షేమ నిధి చట్టం, 2015లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే జీవన భృతి వచ్చాయి. గుర్తింపు కార్డు, భవిష్యనిధి ఖాతా లేనివాళ్లకు ఇవేవీ అందవు. ఇంటింటికీ తిరిగి సంఘం కట్టే విద్యలో గేటు దగ్గరి తరం వెనకబడిందని ఒప్పుకోవాలి. ఆ పనిని తర్వాత భుజాన వేసుకున్నది ఎక్కువగా ఈ ప్రాంతపు మహిళా కార్యకర్తలే.

మఖ్దూం కవిత్వం భద్రంగా ఉంది. ఆయన కట్టిన సంఘాల కాగితాలు అంత భద్రంగా లేవు. ఆ రోజుల్లో ఉర్దూ, తెలుగు భాషల్లో వేసిన కరపత్రాలు, సమ్మె నోటీసులు, చందా పుస్తకాలు, తీర్మానాల రిజిస్టర్లు చాలావరకు ఇళ్లలో పెట్టెల అడుగున పడి ఉన్నాయి, కొన్ని పోయాయి. చిన్నకోడూరు, సిద్దిపేట, దుబ్బాక, జోగిపేటల్లో తాతలు మిల్లులోనో రైల్వేలోనో బీడీ కార్ఖానాలోనో పని చేసిన కుటుంబాలు అలాంటి కాగితం ఏదైనా ఉంటే జిల్లా గ్రంథాలయానికి ఇవ్వాలి. ఇవ్వలేకపోతే కనీసం ఫొటో తీయనివ్వాలి. తెలంగాణ కార్మికోద్యమ చరిత్ర రాయడానికి ముందుగా కావాల్సినవి ఆ కాగితాలే.